డీజిలు పికప్పు బండి గేరుపెట్టెకు ఉష్ణమాపకము

జ్వరమాపకమును చంకలో బెట్టిన నొక యంకెయు, నాలుకక్రింద బెట్టిన మఱియొక యంకెయు గనబడునని విద్యార్థులెల్లరు నెఱుగుదురు. యంత్రముల విషయమునను నిదియే న్యాయము. వేడిని గొలుచుట యొక్కటియే చాలదు. ఎచ్చట గొలిచితిమో యదియు దెలియవలెను.

అమెరికా దేశమున రైతులును, పనివారును బరువైన ట్రెయిలర్లను లాగుటకు డీజిలు పికప్పు బండ్లను వాడుదురు. వీనిలో పెక్కింటికి దమంతట దామే గేర్లు మార్చుకొను గేరుపెట్టెలు గలవు. 1994 మొదలు 2002 వఱకు తయారైన కమ్మిన్సు ఇంజను గల డాడ్జి రామ్ బండ్లలో ఇంజను నీటివేడిని జూపు ముల్లు గలదు గాని గేరుపెట్టె నూనె వేడిని జూపు ముల్లు లేదు. అట్టి బండ్లకు యజమానులే ప్రత్యేకముగా నొక ఉష్ణమాపకమును దెచ్చి బిగించుకొందురు.

ఈ వేడి యెట్లు పుట్టును? రెండు ఎలక్ట్రిక్ ఫ్యానులను ఎదురెదురుగా నుంచి యొకదానిని నడపినచో, దాని గాలి తాకిడికి రెండవదియు మెల్లగా దిరుగును. ఇంజనునకును గేర్లకును నడుమ నుండు టార్కు కన్వర్టరు ఇట్టిదే. ఇందు గాలికి మాఱుగా నూనె యుండును. ఇట్టి ద్రవసాధనమునకు జర్మనీ దేశపు ఇంజనీరగు హెర్మన్ ఫ్యోటింగరు 1905వ సంవత్సరమున పేటెంటు పొందెను. బరువు హెచ్చి బండి మెల్లగా బోవునప్పుడు మొదటి చక్రము వేగముగను, రెండవది మందముగను దిరుగును. ఆ భేదమువలన నష్టమైన శక్తి వేడిగా మాఱి నూనెలో జేరును.

నూనె 175 మొదలు 200 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా సుమారు 80 మొదలు 93 డిగ్రీల సెంటీగ్రేడు, నడుమ నుండుట మేలు. అంతకు మించిన ప్రతి 20 డిగ్రీలకును నూనె యాయుర్దాయము సగమగునని మెకానిక్కుల స్థూలగణన. 240 ప్రాంతమున జిగురుపూత యేర్పడుననియు, 260 దాటిన సీళ్లు గట్టిపడుననియు వారు చెప్పుదురు. తుదకు క్లచ్చిపలకలు కాలినచో మరమ్మతునకు వేలకొలది డాలర్లగును. బండిపై నాధారపడిన కుటుంబమునకు పనియు నాగిపోవును.

మాపకమునకు వేడిని దెలుపు సెండరును బిగించుటకు మూడు తావులు గలవు. మొదటిది, గేరుపెట్టె క్రింది నూనెతొట్టి. ఇచ్చట గేరుపెట్టెలో నిలకడగా నుండు వేడి దెలియును. రెండవది, పీడనపరీక్షకై మరచీలతో మూసియుంచిన రంధ్రము. దీనికి తొట్టిని తొలిచెడి పని లేదు. మూడవది, కన్వర్టరునుండి కూలరునకు బోవు గొట్టము; ఇచ్చట వేడి త్వరగా హెచ్చి త్వరగా తగ్గును. ఎత్తు నెక్కునప్పుడు ఈ గొట్టపు టంకె తొట్టి యంకెకంటె మిక్కిలి హెచ్చుగా నుండును. కావున నొకరి మాపకపు టంకెను మఱియొకరి దానితో బోల్చునప్పుడు సెండరు తావు నడుగక నిర్ణయింపరాదు.

బిగించుటకు ముందు మాపకమును బరీక్షింపవలెను. దానిని బ్యాటరీకి గలిపి, సెండరు లోహపు టొడలిని తీగెతో ఋణధ్రువమునకు జేర్చి, కొనను మరుగునీటిలో ముంచవలెను. సముద్రతీరమున ముల్లు 212 చూపవలెను. కొలరాడో రాష్ట్రపు డెన్వరు నగరము 5,280 అడుగుల యెత్తున నుండుటచే నచ్చట నీరు సుమారు 202 డిగ్రీలకే మరుగును. అచ్చటివారు ఆ యంకెనే చూడవలెను.

పిమ్మట బండిని సమతలమున నిలిపి, చక్రములకు అడ్డుచెక్కలు వేసి, గేరుపెట్టెను చల్లారనీయవలెను. ఇట్టి డీజిలు బండ్లకు సాధారణముగా రెండు బ్యాటరీలుండును గావున, రెంటి ఋణధ్రువపు తీగెలను దొలగింపవలెను. జాకీతో నెత్తిన బండి క్రిందికి, ఉక్కు స్టాండ్లు పెట్టక దూఱరాదు.

సెండరులో వేడి హెచ్చినకొలది విద్యున్నిరోధము తగ్గు చిన్న బిళ్ల గలదు. ఒంటితీగె సెండరునకు దాని లోహపు టొడలే రెండవ విద్యున్మార్గము. మరలపై టెఫ్లాను పట్టీని మందముగా జుట్టినచో నా మార్గము చెడి ముల్లు తప్పుజూపును. అల్యూమినియము భాగమున బలవంతముగా బిగించిన మరలు చెడును. తీగెను సైలెన్సరు గొట్టమునకును, తిరుగు షాఫ్టునకును దూరముగా గట్టి, రబ్బరు వలయముగుండా లోనికి దీయవలెను. మాపకమునకు విద్యుత్తును తాళము త్రిప్పినప్పుడే వచ్చు తీగెనుండి ఫ్యూజు ద్వారా ఈయవలెను. తుదకు ఇంజను నడపి, నూనె కారుచున్నదేమో చూచి, నూనె మట్టమును సరిచూడవలెను.

కొలరాడోలో 1973వ సంవత్సరమున దెఱచిన ఐసన్‌హోవరు సొరంగము 11,000 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. బరువుతో నట్టి కనుమ నెక్కువాడు ముల్లు పైకి బోవుట చూచినచో గేరు తగ్గించి, వేగము తగ్గింపవలెను. ఇంకను హెచ్చినచో సురక్షితమైన చోట నిలిపి, న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు వేసి, ఇంజనును కొంచెము హెచ్చు వేగమున నడువనీయవలెను. అప్పుడు నూనె కూలరుగుండా ప్రవహించి చల్లబడును. వెంటనే ఇంజను నార్పినచో నా ప్రవాహము నిలిచిపోవును.

విద్యార్థులారా, మాపకము నూనెను చల్లార్చదు. నడుపువానికి సమయముండగానే సంగతి దెలుపును. తావెఱిగి బిగించి, పరీక్షించి, యది చెప్పినట్లు నడచుకొనువానికే దానివలన లాభము.