మ్యాచ్ ఓడాక ఫుట్‌బాల్ రోబోని ఎలా టెస్ట్ చెయ్యాలి?

ఈమధ్య ఒక స్కూల్ టీమ్ రోబోకప్ జూనియర్ రూల్స్‌తో ఆడి, ఓడి వచ్చింది. వచ్చీ రాగానే రెండు రోబోలూ నా టేబుల్ మీద పెట్టి, "అన్నా, ఇంతకన్నా స్పీడ్ మోటార్లు ఏవి కొనాలి?" అని అడిగారు. ముందు మ్యాచ్ వీడియో చూపించమన్నాను.

ఆట తెలియని వాళ్ళకి క్లుప్తంగా చెప్తా. టీమ్‌కి రెండు రోబోలు. రిమోట్ ఉండదు, అన్నీ సొంతంగా ఆడాలి. వీళ్ళు ఆడిన విభాగంలో బాల్ లోపలి నుంచి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వస్తుంది. రోబో చుట్టూ ఉన్న రిసీవర్లలో దేనికి సిగ్నల్ గట్టిగా తగిలిందో, బాల్ అటువైపు ఉన్నట్టు. తెల్ల గీత దాటి బయటికి పోయిన రోబోని కాసేపు పక్కన కూర్చోబెడతారు.

వీడియో చూసేటప్పుడు గోల్స్ సంగతి వదిలెయ్యండి. ఒక కాగితం మీద టైమ్, రోబో ఫీల్డ్‌లో ఎక్కడుంది, ఏం చేసింది, ఈ మూడే రాయండి. బాల్ కనపడక తిరిగిందా? గీత దాటిందా? ఉన్నట్టుండి ఆగిపోయిందా? మేం అలా రాస్తే గీత దాటడమే అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించింది. నిజానికి గోల్స్ పడింది కూడా అవతలి టీమ్ గొప్పగా ఆడి కాదు, మన రోబో బయట కూర్చున్నప్పుడు.

లైన్ సెన్సార్లు చూస్తే బాగానే ఉన్నాయి. అసలు విషయం కోడ్‌లో దొరికింది. గోడ ఎంత దూరంలో ఉందో కొలవడానికి నాలుగు వైపులా అల్ట్రాసోనిక్ సెన్సార్లు పెట్టారు. ఒక్కోదాన్ని పిలిచి, ప్రతిధ్వని వచ్చేదాకా ప్రోగ్రామ్ అక్కడే ఆగి చూస్తోంది. రెండు మీటర్ల దూరంలో గోడ ఉంటే శబ్దం వెళ్ళి రావడానికి దాదాపు 12 మిల్లీసెకన్లు. నాలుగూ వరసగా అంటే 48 దాకా. సెకనుకి 1 మీటరు వేగంతో పోతున్న రోబో ఆ గ్యాప్‌లో ఐదు సెంటీమీటర్లు కళ్ళు మూసుకుని నడిచినట్టే! స్పీడ్ మోటార్ వేసి 1.5 మీటర్లకి పెంచితే అదే ఏడు సెంటీమీటర్లవుతుంది. పైగా బ్రేక్ వేశాక ఆగడానికి పట్టే దూరం కూడా పెరుగుతుంది. డబ్బులు పెట్టి మరీ ఇంకా ఎక్కువసార్లు బయటికి పోయేవాళ్ళు.

టైమర్ పెట్టి లైన్ సెన్సార్లని ప్రతి మిల్లీసెకనుకీ చూసేలా మార్చాం. అల్ట్రాసోనిక్ లూప్‌కి ఒకటే, అదీ ఆగకుండా.

రెండోది దిశ. వీళ్ళు వాడిన బిఎన్ఓ055 చిప్ ఎన్‌డాఫ్ మోడ్‌లో ఉంది. అంటే అయస్కాంత క్షేత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పక్కనే నాలుగు మోటార్లు కరెంట్ లాగుతుంటే ఆ లెక్క చెడిపోతుంది. ఐఎమ్‌యూ మోడ్‌కి మార్చి, ప్రతి కిక్-ఆఫ్ ముందు అవతలి గోల్ వైపు తిప్పి సున్నా చెయ్యమన్నాను. గైరో మెల్లగా పక్కకి జారుతుంది కానీ సున్నా చేస్తూ ఉంటే పని నడుస్తుంది.

బ్యాటరీ సంగతి మీకు తెలిసిందే. త్రీ-సెల్ లైపో ఫుల్ చార్జ్‌లో 12.6 వోల్టులు, ఆడుతూ 11.1కి వచ్చేసరికి మోటార్ స్పీడ్ సుమారు 12 శాతం పడిపోతుంది. ఉదయం ఫుల్ చార్జ్‌లో సెట్ చేసిన నంబర్లు సెకండ్ హాఫ్‌లో పనికిరావు. వోల్టేజ్ చదివి పవర్‌ని దానికి తగ్గట్టు సరిచేసే నాలుగు లైన్ల కోడ్ చాలు.

రీటెస్ట్ మాత్రం ఫోన్ బ్యాటరీ టెస్ట్ లాగే చెయ్యాలి. అక్కడ బ్రైట్‌నెస్ మారిస్తే పోలిక ఎలా పోతుందో ఇక్కడా అంతే. బాల్‌ని ఎనిమిది దిక్కుల్లో, మూడు దూరాల్లో పెట్టి ఒక్కోచోట పదిసార్లు. తర్వాత కిటికీ తెరిచి మళ్ళీ అన్నీ. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి బాల్ కనపడే దూరం తగ్గిపోతుంది. ఒకసారికి ఒక మార్పే. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు.

మోటార్లే ఆటని గెలిపిస్తాయనే వాళ్ళకి ఒక మాట. పెద్దల రోబోకప్‌లో ఏళ్ల తరబడి స్టాండర్డ్ ప్లాట్‌ఫామ్ లీగ్ టీమ్‌లన్నీ నావో అనే ఒకే రోబోతో ఆడాయి. అయినా జర్మనీలోని బ్రెమెన్ టీమ్ బి-హ్యూమన్ ఎన్నోసార్లు కప్పు కొట్టింది. వాళ్ళ కోడ్ కూడా అందరికీ దొరుకుతుంది, దింపుకుని చదవండి.

మా కుర్రాళ్ళ దగ్గర ఇంకో సమస్య మిగిలింది. రెండు రోబోలూ ఒకేసారి బాల్ మీదికి ఉరుకుతున్నాయి, గోల్ ఖాళీ. రెండిటి మధ్య బ్లూటూత్ పెట్టి, బాల్‌కి దగ్గరున్నది ముందుకి, రెండోది వెనక్కి అనే రూల్ రాస్తున్నారు. లింక్ తెగిపోతే ఎవరు వెనక్కి పోవాలన్న దాని మీద వాళ్ళలో వాళ్ళకే గొడవ నడుస్తోంది.