ముందు పాత గాలి వదులు

అమ్మలూ,

సాయంత్రానికి పెదవులు మొద్దుబారుతున్నాయనీ, తారస్థాయి పట్టుకుంటే కళ్లు బైర్లు కమ్ముతున్నాయనీ రాశావు. ఆడపిల్లకు నాదస్వరానికి సరిపడా ఊపిరి ఎక్కడిదని ఎవరో అన్నారట. ఆ మాట పట్టించుకోకు. కాలీషాబీ గారు భర్త మహబూబ్ సుభానీ గారి పక్కన కూర్చుని ఎన్నేళ్లుగా కచేరీలు చేస్తున్నారు! ఇద్దరూ షేక్ చినమౌలానా గారి శిష్యులే. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ఇచ్చారు.

నీకు ఊపిరి చాలకపోవడం కాదు, మిగిలిపోవడం అసలు చిక్కు. వేణువు ఊదేవాళ్లకు గాలి ఇట్టే ఖర్చయిపోతుంది. మన నాదస్వరం పీక సందు బహు సన్నం. ఆ రెల్లు రేకుల మధ్య నుంచి పోయే గాలి కొంచెమే, తోయడానికి కావలసిన బలం మాత్రం చాలా ఎక్కువ. సంగతి ముగిసేసరికి వాడేసిన గాలి ఛాతీలోనే ఉంటుంది. దాని మీద మళ్లీ పీల్చావంటే కొత్త గాలికి చోటేదీ? గుండె బరువెక్కుతుంది, తల తిరుగుతుంది. అందుకని ముందు వదులు, తర్వాత పీల్చు. ఎక్కడ వదలాలో కీర్తనతోపాటే పాఠం చేసుకో. డోలు అందుకునే చోట్లు అందుకు బాగుంటాయి.

తోసే బలం పొట్ట నుంచి రావాలి. పక్కటెముకల కింద అరచెయ్యి పెట్టుకుని పొద్దున్నే మంద్రంలో ఒక్కో స్వరాన్నీ నిలిపి చూడు. చేతికింద బిగువు తెలియాలి, భుజాలు లేవకూడదు. మెడ నరాలు ఉబ్బుతున్నాయంటే గొంతుతో తోస్తున్నావన్నమాట.

ఇక పీక. గట్టి పీక ఊదితేనే మగతనం అన్నట్టు మాట్లాడేవాళ్లు మేళాల్లో ఎప్పుడూ ఉంటారు, వాళ్లతో పోటీ పడకు. పీకను తడిపి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మూతి చూడు. మధ్యలో కాస్త ఉబ్బి, రెండు కొసల్లోనూ కలిసిపోయి బాదంపప్పులా కనిపించాలి. మరీ తెరుచుకుంటే రోజంతా పెదవులతో నొక్కి పట్టాల్సి వస్తుంది. మరీ మూసుకుంటే పైస్వరాల్లో నాదం చచ్చిపోతుంది. వాద్యానికి దారంతో వేలాడే పీకలూ సూదీ అలంకారానికి కాదు. ఎండకు ఒకటి బిగుసుకుంటే ఇంకోటి మార్చు, మొహమాటపడకు.

మనకున్నవి ఏడు రంధ్రాలు. గమకాలు పలకాలంటే వేళ్లతోపాటు ఊపిరీ పెదవీ పనిచేయాలి. పెదవి అలిసిపోతే శ్రుతి జారుతుంది. జారిందని పళ్లతో కరిచావా, మర్నాటికి వాచిపోతుంది. శ్రుతి జారడం మొదలవగానే పీక పక్కన పెట్టెయ్యి. అరగంట ఆగి మళ్లీ తీసుకో.

రాజరత్నం పిళ్లై గారు పొడవైన బారి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చాక శ్రుతి దిగింది, నాదానికి గాంభీర్యం వచ్చింది. ఆ నాదమంటే నాకు ప్రాణం. కానీ పాత పొట్టి తిమిరి కన్నా అందులో రంధ్రాల మధ్య ఎడం ఎక్కువ. నీ చేతులు చిన్నవి కాబట్టి వేలి కొసతో కాక మెత్తటి భాగంతో మూయి. మణికట్టు వంచకు.

పెళ్లిళ్లలో జాగ్రత్త. అర్ధరాత్రి ముహూర్తానికి చలిలో ఊరికే కూర్చుని ఉంటావు. పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం! చల్లబడిన పెదవులతో ఒక్కసారిగా అంత బలం పెడితే దెబ్బ తినేది అప్పుడే. జీలకర్ర బెల్లానికి ముందు నుంచే కింది స్వరాలు మెల్లగా ఊదుతూ ఉండు. విందు భోజనం మేళం ముగిశాకే. నిండు పొట్ట మీద బిగపట్టకూడదు.

ఒక్క మాట దాచకుండా చెప్తాను. గజ్జల్లోగానీ బొడ్డు దగ్గరగానీ ఊదేటప్పుడు ఉబ్బు కనిపిస్తే సిగ్గుపడి దాచకు, డాక్టరుకు చూపించు. మన వృత్తిలో చాలామంది ముదిరేదాకా దాచి ఆపరేషన్ దాకా తెచ్చుకున్నారు. కళ్లు కూడా చూపించుకో. బలంగా ఊదే వాద్యాల్లో ఊదినంతసేపూ కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. మీ నాయనమ్మకు నీటికాసులు ఉన్నాయి గనక నీకు ఏటా పరీక్ష తప్పనిసరి. డోలు ఎప్పుడూ ఒకే చెవి పక్కన మోగకుండా కూర్చునే వైపు మార్చుకుంటూ ఉండు.

శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోగా కంటి పరీక్ష అయిపోవాలి. ఇప్పుడు వాడుతున్న పీక మూతి ఫొటో తీసి మీ నాన్న ఫోనుకు పంపు. చూసి, మెత్తనిది కావాలంటే రెండు పంపిస్తాను.

మీ తాతయ్య