‘చ్యావ్’ - ఒక ఆంగ్ల యాసపదం కథ



మనం బట్టీపట్టే ఇంగ్లీషు వేరు, బ్రిటన్ వీధుల్లో మాట్లాడే ఇంగ్లీషు వేరు. అక్కడి యాసపదాల్లో ‘చ్యావ్’ ఒకటి. ‘బ్యాట్’లోని అచ్చులాగే దీన్ని పలకాలి. మన ‘చావు’కూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

అర్థం: చదువు, సంస్కారం లేకుండా, చౌకబారు ఆర్భాటంతో తిరిగే కుర్రకారు అని నిఘంటువులు చెబుతాయి. ట్రాక్‌సూట్, గళ్ళ టోపీ, మెడలో మెరిసే గొలుసు - ఈ మాట వినగానే అక్కడివారికి తోచే రూపం ఇది. దీని విశేషణ రూపం ‘చ్యావీ’. 2004లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ సంస్థ దీన్ని ఆ ఏటి మాటగా ఎంపిక చేసింది.

పుట్టుక: ఇది రోమానీ భాష నుండి వచ్చిందని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. ఆ భాషలో ‘చావో’ అంటే అబ్బాయి. సుమారు వెయ్యేళ్ళ క్రితం ఉత్తర భారతం నుండి వలస వెళ్ళినవారి సంతతి రోమా ప్రజలు. అందుకే ఈ మాటను సంస్కృతంలోని ‘శావ’ (పిల్ల)తో కలుపుతారు. 19వ శతాబ్దంలోనే ఇంగ్లీషు యాసలో ‘చ్యావీ’ అంటే పిల్లవాడు. స్పెయిన్‌లో ఇదే మూలం నుండి వచ్చిన ‘చవాల్’కు నేటికీ కుర్రవాడు అనే అర్థం. అందులో తిట్టు లేదు.

మరి బ్రిటన్‌లో తిట్టెలా అయింది? స్థానిక కౌన్సిళ్ళు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళలో ఉండే శ్రామిక కుటుంబాల పిల్లల్ని ఎగతాళి చేయడానికి దీన్ని వాడసాగారు. ‘కౌన్సిల్ ఇంట్లో ఉండే రౌడీ’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలే ‘చ్యావ్’ అని ఒక కథ కూడా పుట్టించారు. అది నిజం కాదు. మాట ముందు, ఆ కథ తరువాత. అయినా చాలామంది నమ్మారు. పేదవాడు రౌడీయే అయి ఉంటాడని ముందే అనుకునేవారికి ఆ కథ నచ్చింది మరి! 2011లో ఓవెన్ జోన్స్ అనే రచయిత ‘చ్యావ్స్’ పేరుతోనే పుస్తకం రాసి, ఈ వెక్కిరింత వెనుక శ్రామికవర్గంపై ఉన్న చిన్నచూపును ఎత్తిచూపారు.

మనకిది కొత్త సంగతి కాదు. ‘హాస్టలోళ్ళు’ అన్న మాటలో తప్పేమీ లేదు. మన వార్డెన్ సారు అంటే ఆప్యాయంగా ఉంటుంది. అదే మాట కాలేజీలో వెనుక బెంచీ నుండి నవ్వుతూ అంటే మనసు చివుక్కుమంటుంది. మాట ఒక్కటే, అనేవారి చూపు వేరు.

కనుక ఏ భాషలోనైనా కొత్త మాట నేర్చుకున్నప్పుడు దాని అర్థంతోపాటు ఎవరు, ఎవరిని, ఎందుకు అంటారో కూడా తెలుసుకోండి. రేపు పై చదువులకు బ్రిటన్ వెళ్ళినా ‘చ్యావ్’ వింటే అర్థం చేసుకోండి. కానీ ఎవరినీ అనకండి. అలాంటి మాట పడటం ఎలా ఉంటుందో మనకు తెలుసు.