ట్రాలీ టైరు: రేటు కన్నా ముందు బరువు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రోడ్ల మీద ట్రాక్టర్ ట్రాలీ కనబడని రోజుండదు. దాని టైర్లు మార్చాల్సి వస్తే అంగట్లో మనోళ్లు మొదట అడిగేది రేటు. తర్వాత గ్రిప్పు వేలితో తడిమి చూస్తారు. అసలు మొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ టైరు ఎన్ని కిలోలు మోస్తుంది?

మా మామ ట్రాలీకి నాలుగు టైర్లూ మార్చాల్సి వచ్చినప్పుడు ఈ సంగతులన్నీ కూర్చుని నేర్చుకున్నా. "కంప్యూటర్లు చదివేటోనికి టైర్లతో ఏం పని రా అల్లుడూ" అన్నాడు మామ. పనుంది. టైరు పక్క గోడ మీద రాసుండేది కూడా ఒక రకం కోడే. చదవడం వస్తే చాలు.

కోడ్ చదువుదాం

చాలా ట్రాలీలకు ఉండే సైజు 7.50-16. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. రెండూ అంగుళాల్లోనే. మధ్యలో గీత ఉంటే అది మామూలు నైలాన్ టైరు, ఆర్ అక్షరం ఉంటే రేడియల్.

పక్కన 16 పీఆర్ అని ఉంటుంది. లోపల 16 పొరలున్నాయని దాని అర్థం కాదు. పాతకాలంలో నూలు పొరలు లెక్కపెట్టేవాళ్లు. ఇప్పుడు నైలాన్ గట్టిది కాబట్టి తక్కువ పొరలతోనే అంత బలం వస్తుంది. పేరు మాత్రం అట్లే మిగిలిపోయింది.

అన్నిటికన్నా ముఖ్యమైంది 121/120 ఎఫ్ లాంటి గుర్తు. 121 అంటే ఒక్కో టైరు 1450 కిలోలు మోస్తుంది. 120 అంటే 1400 కిలోలు. లారీకి వెనక ఉన్నట్టు జంటగా బిగిస్తే ఈ రెండో లెక్క తీసుకోవాలి. ఎఫ్ అంటే గంటకు 80 కిలోమీటర్ల వేగం వరకు. మీ టైరు మీద వేరే అంకె ఉంటే దానికి ఎన్ని కిలోలో అంగట్లో పట్టిక చూపించమని అడగండి.

మూడు ఊర్లు, మూడు లోడ్లు

ప్రొద్దుటూరు పక్క పత్తి ఎత్తితే ట్రాలీ ఆకాశమంత కనబడుతుంది గానీ బరువు అంత ఉండదు. పులివెందుల అరటికాయకు జాగా ముందే నిండిపోతుంది. పైగా ఎక్కువ పేరిస్తే అడుగునుండేది నలుగుతుంది. జమ్మలమడుగు పక్క నాపరాయి బండలు దీనికి పూర్తిగా తలకిందులు. ట్రాలీ సగం ఖాళీగా కనబడుతుంటుంది, టైర్ల పని అప్పటికే అయిపోయుంటుంది.

లెక్క చూడండి. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న బండ సుమారు 25 కిలోలు తూగుతుంది. 160 బండలంటే 4 టన్నులు. ట్రాలీ సొంత బరువు ఒకటిన్నర టన్ను అనుకుంటే మొత్తం 5500 కిలోలు. నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదానికి 1375. మన 1450 లోపలే ఉంది. "ఇంకో నలభై ఎయ్యి, ఏం కాదులే" అన్నారనుకోండి, 200 బండలవుతాయి. ఒక్కో టైరు మీద 1625 కిలోలు పడుతుంది. లిమిట్ దాటిపోయింది.

ఇది కూడా బరువు నాలుగు చక్రాలకూ సమానంగా పడితేనే. గుంతలో ఒక పక్క ఒరిగినప్పుడు ఆ పక్క టైర్ల మీదే ఎక్కువ పడుతుంది. కాబట్టి అంచు దాకా పోకుండా కొంత మిగులు పెట్టుకోవాలి.

గ్రిప్పు చూసి మోసపోవద్దు

ట్రాక్టర్ పెద్ద టైరు లాగుతుంది, ట్రాలీ టైరు లాగించుకుంటుంది. అందుకే ట్రాలీకి లోతైన అడ్డ గాళ్ల అవసరం లేదు. నిలువు గాళ్లుండే టైరు తేలిగ్గా దొర్లుతుంది.

ఇంకో సంగతి వయసు. ట్రాలీ సీజన్‌లో తిరుగుతుంది, మిగతా రోజులు కళ్లం పక్కన ఎండలో నిలబడుంటుంది. గ్రిప్పు కొత్తదిలాగే ఉంటుంది గానీ రబ్బరు ముసలిదైపోతుంది. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. ఆ తేదీ చూడకుండా డబ్బులు ఇవ్వొద్దు. పాత లారీ టైరు చవగ్గా దొరికినా, రీట్రేడింగ్ చేసిన టైరైనా పైన అతికించిన రబ్బరు కాదు, పక్క గోడ చూడాలి. పగుళ్లున్నా, ఉబ్బున్నా, నైలాన్ దారం బయటపడినా ఎంత చవకైనా వద్దు.

ఒకే ఇరుసుకు రెండు పక్కలా ఒకే సైజు, ఒకే పీఆర్ ఉండాలి. ఒక పక్క రేడియల్, ఇంకో పక్క నైలాన్ బిగించొద్దు. కొత్త టైరులో పాత ట్యూబు, పాత ఫ్లాప్ పెట్టి మిగిలేది కొంచెం, ఆ తర్వాత పోయేది ఎక్కువ.

గాలి లెక్క

బరువును నిజంగా మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తక్కువైతే పక్క గోడ ప్రతి చుట్టుకూ మడత పడుతుంది, వేడెక్కుతుంది. మన కడప ఎండకు రోడ్డు ఎట్లాగూ కాలుతుంటుంది. పగలడానికి ఇంకేం కావాలి?

గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. 25 డిగ్రీల దగ్గర 80 పీఎస్ఐ ఉన్న టైరు లోపల 60 డిగ్రీలకు వేడెక్కితే అది దాదాపు 91 అవుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన వాయు సూత్రమే ఇది. "ఎక్కువుంది" అని మధ్యాహ్నం 80కి దించేస్తే మర్నాడు పొద్దున 70కి పడిపోతుంది. ఆ 70తోనే మళ్లీ బండలెత్తుతాం.

మామకు ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించినా. రేటు తక్కువున్న 14 పీఆర్ వదిలి 16 పీఆర్ తీసుకున్నాడు. అంతకన్నా పెద్ద మార్పు, ట్రిప్పుకు 150 బండలకు మించి ఎత్తడం లేదు. "ట్రిప్పులు పెరిగినాయి రా, డీజిల్ ఎవరిస్తారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఖర్చు నిజమే. కానీ పత్తి తీసే రోజుల్లో అదే ట్రాలీలో కూలోళ్లు ఎక్కి పోతుంటారు, ఎక్కకూడదని తెలిసి కూడా. టైరు పగిలితే పోయేది బండలే కాదు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ట్రాలీ ఉంటే ఈసారి సెలవుల్లో ఒక పొద్దున నాలుగు టైర్లూ చూడండి. సైజు, పీఆర్, బరువు అంకె, తేదీ ఒక కాగితం మీద రాయండి. ఎంత లోడ్ ఎత్తుతారో అడిగి, దానికి ట్రాలీ సొంత బరువు కలిపి, చక్రాల సంఖ్యతో భాగించండి. వచ్చిన అంకె టైరు మీదున్న దానికంటే ఎక్కువైతే ఆ కాగితం బండి తోలే మనిషి చేతికివ్వండి.