పట్టణపు ప్రాంతభూములు

ధ్యానభాగము: సంఖ్యాకాండము 35:1–8; లేవీయకాండము 25:32–34; 1 రాజులు 21:1–16



లేవీయులకు ఇతర గోత్రములవలె భూస్వాస్థ్యము లేదు. కావున వారు కాపురముండుటకు 48 పట్టణములు ఇయ్యవలెనని దేవుడు మోషేద్వారా ఆజ్ఞాపించెను. ఇండ్లు మాత్రమే చాలునని ఆయన తలంచలేదు. ప్రతి పట్టణపు గోడకు వెలుపల చుట్టును వెయ్యి మూరల నేలను పశువులకు విడువవలెనని నియమించెను. అది మన కొలతలో సుమారు 450 మీటర్లు. తరువాతి వచనములో రెండువేల మూరల కొలత కలదు; ఈ రెండును ఎట్లు పొసగునో పండితులు పలువిధములుగా వివరింతురు. భావము మాత్రము తేటగానే యున్నది: మేతనేల లేని పట్టణము పట్టణము కాదు.

లేవీయకాండములో మరియొక కట్టడ యున్నది. లేవీయుడు అక్కరనుబట్టి ఇల్లు అమ్ముకొనినను దానిని ఎప్పుడైనను విడిపించుకొనవచ్చును. ప్రాంతభూమినైతే అసలే అమ్మరాదు. అది తరతరముల స్వాస్థ్యము. ఒక తరమువారి అక్కర తీరుటకు రాబోవు తరమువారి ఆధారమును తీసివేయరాదని దీని తాత్పర్యము.

మన దేశపు పూర్వులును ఈ సంగతి నెరుగుదురు. కాకతీయులు ఓరుగల్లుకు రాతికోట కట్టి, దాని వెలుపల మట్టికోటయు కట్టిరి. అంతతో ఆగక దూరపు పల్లెలలో చెరువులు త్రవ్వించిరి. 13వ శతాబ్దపు పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములను తడుపుచున్నవి. రాజధానికి అన్నము పల్లెలనుండి వచ్చునని వారెరిగిరి. రాజ్యము 1323లో కూలెను, చెరువులు నిలిచెను. విశాఖపట్టణమునుండి భీమిలికి పోవు దారిలోని తొట్లకొండమీద బౌద్ధ భిక్షువులు వాననీరు నిలుచుటకు రాతిలో తొట్లు తొలిచిరి. ఆ తొట్లనుబట్టియే కొండకు ఆ పేరు వచ్చినది.

ఇప్పుడు విశాఖపట్టణము వైపు చూడుడి. 1933లో రేవు తెరువబడెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు పునాదిరాయి వేయబడెను. 1951లో లక్షకు కొంచెము పైగానున్న జనము, 2011 లెక్కలలో 17 లక్షలు దాటిరి. 2005లో గాజువాకయు 32 గ్రామములును నగరములో కలుపబడెను. సీతమ్మధార ఒకప్పుడు కొండ ప్రక్కన, పట్టణపు అంచున ఉండినది; నేడది నగరము నడుమ నున్నది. పేరులో ధార నిలిచినది గాని, చుట్టును మేడలే. నగరమునకు త్రాగునీరు తాటిపూడి, రైవాడ, ఏలేరు జలాశయములనుండి రావలసియున్నది. అనగా పట్టణము పల్లెల నీరు త్రాగి బ్రతుకుచున్నది.

పట్టణము పెరుగుట పాపము కాదు. మన బిడ్డలు అక్కడ చదువుకొనుచున్నారు, అక్కడ కూలి సంపాదించుచున్నారు. వారికి ఇండ్లు కావలెను. అయితే ఇండ్ల స్థలముల రాళ్లు ఎక్కడ పాతుచున్నారన్నదే ప్రశ్న. చెరువు వాననీటిని ఆపి నూతులకు ఊటనిచ్చును. గెడ్డ మిగులునీటిని సముద్రమునకు చేర్చును. చెరువు పూడ్చినయెడల వేసవిలో నూయి ఎండును. గెడ్డ మూసినయెడల వానకాలములో నీరు ఇంటిలోనికే వచ్చును. ఆ నష్టము మొదట తగులునది పల్లపు వీధులలోని బీదలకే.

నాబోతు ద్రాక్షతోట రాజనగరు ప్రక్కనే యుండెను. అహాబు దానికి బదులుగా మంచి తోటనో, వెలనో ఇచ్చెదననెను. నాబోతు పితరుల స్వాస్థ్యమును ఇయ్యనని చెప్పెను. అందుకు అతడు ప్రాణమే పోగొట్టుకొనెను. పట్టణపు చెంతనున్న నేలకు ఆశపడువారు ఆనాడును కలరు, ఈనాడును కలరు.

రోగమువలననో, అప్పువలననో తన పట్టాపొలము అమ్ముకొనిన సహోదరుని మనము నిందింపరాదు. ఉమ్మడి నేల సంగతి వేరు. చెరువు, గెడ్డ, మేతబయలు, సమాధుల స్థలము ఏ ఒక్కనివియు కావు. వాటిని కాపాడుటకు న్యాయమార్గమును కలదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో మన రాష్ట్రములో చట్టము చేయబడెను. గ్రామపు ఉమ్మడి భూములలోని ఆక్రమణలు తొలగింపవలెనని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

కాబట్టి సంఘపెద్దలు గ్రామపు పటము సంపాదించి, చెరువు, గెడ్డ, మేతబయలు, సమాధుల స్థలముల సర్వే నంబర్లు ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. గ్రామసభ జరుగునాడు ఇంటికొకరు పోవలెను. స్థలము కొనువారు అది చెరువుగర్భమా, గెడ్డ దారియా అని ముందుగా విచారింపవలెను. తక్కువ వెలకు వచ్చినదని కన్నులు మూసుకొనరాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. లేవీయుల ఇండ్లకును ప్రాంతభూములకును ధర్మశాస్త్రము వేర్వేరు నియమములు ఏల ఇచ్చెను?

2. మీ గ్రామములో ఉమ్మడి నేలలు ఏవి? మీ తాతల కాలమునుండి ఎంత తగ్గినవి?

3. వాటిని మీ మనుమల కొరకు నిలుపుటకు ఈ నెలలో మీ సంఘము చేయగల ఒక పని ఏది?