దగ్గర పండినదంతా మంచిదేనా? గమ్హరియా సంతల్లో ఒక సైన్స్ పాఠం

‘పొలం నుంచి పళ్లెంలోకి’ అనే మాట ఈమధ్య తరచుగా వింటున్నాం. చుట్టుపక్కల పండినదాన్ని, పండిన కాలంలోనే వండి వడ్డించడం దీని ఉద్దేశం. అమెరికాలోని బర్కిలీలో ఆలిస్ వాటర్స్ 1971లో ప్రారంభించిన ‘షే పనీస్’ రెస్టారెంట్‌తో ఈ పద్ధతికి పేరొచ్చింది. రాంచీలో అరుణా తిర్కీ ప్రారంభించిన ‘అజమ్ ఎంబా’ ఝార్ఖండ్ ఆదివాసీ వంటలకు అలాంటి గుర్తింపే తెచ్చింది.

జంషెడ్‌పూర్ పక్కనున్న గమ్హరియాలో ఇలాంటి తిండి కోసం హోటల్ వెతకనక్కర్లేదు. చుట్టుపక్కల పల్లెల వారపు సంతలకు వెళ్తే చాలు. అయితే గమ్హరియాకు ఒక పక్క సంతాల్, హో, భూమిజ్ పల్లెలుంటే, మరో పక్క ఫ్యాక్టరీలున్నాయి. అందుకే ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. దగ్గర పండటం వల్ల మనకు దక్కేదేమిటి? దక్కనిదేమిటి?

కోసిన ఆకు ఊపిరి ఆగదు

కోసిన తర్వాత కూడా ఆకుకూర బతికే ఉంటుంది. శ్వాసక్రియ సాగుతూనే ఉంటుంది. తనలోని చక్కెరలను ఖర్చు చేసుకుంటూ కార్బన్ డయాక్సైడ్‌ను, వేడిని విడుదల చేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఈ వేగం సుమారు రెండు నుంచి మూడు రెట్లు అవుతుంది. ఎండలో నిలిపిన లారీలో కూర త్వరగా వాడిపోవడానికి ఇదొక కారణం. ఈ క్రమంలో మొదట దెబ్బతినేది విటమిన్ సి. ఫోలేట్ కూడా తగ్గుతుంది. కాల్షియం, ఇనుము మాత్రం మూలకాలు కాబట్టి ఎక్కడికీ పోవు.

ఝార్ఖండ్ పల్లెల్లో ఆకులను ఎండబెట్టి, పొడి చేసి, కూర దొరకని నెలల్లో గంజిలో ఉడికించి తింటారు. ఎండబెడితే విటమిన్ సి చాలావరకు పోతుంది, ఖనిజాలు మిగులుతాయి. అంటే తాజా కూర, ఎండు కూర రెండింటికీ వేర్వేరు ప్రయోజనాలున్నాయి.

పేర్లు వేరు, మొక్కలు మనవే

సంతలో వినిపించే పేర్లు తెలుగువారికి కొత్తగా అనిపించినా, మొక్కల్లో చాలావరకు మనకు తెలిసినవే. ముంగా అంటే మునగాకు. చకోడ్ అంటే తగిరిస. కోయినార్ అంటే దేవకాంచనం చిగురు. సనయి పువ్వు మన జనుము పువ్వే. బెంగ్ సాగ్‌ను మనం సరస్వతి ఆకు అంటాం. ‘బెంగ్’ అంటే కప్ప. సంస్కృతంలో దీని పేరు మండూకపర్ణి, అంటే అక్కడా కప్పే. మడువా రాగులు, గోంద్లీ సామలు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే పరిమాణం తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు.

వానాకాలంలో సాల వృక్షాల కింద దొరికే రుగ్డా పుట్టగొడుగుది ఇంకో కథ. అది సాల వేళ్లతో కలిసి బతుకుతుంది. చెట్టుకు నీరు, ఖనిజాలు అందించి, బదులుగా చక్కెరలు తీసుకుంటుంది. అందుకే దాన్ని మామూలు పుట్టగొడుగుల్లా షెడ్డులో పెంచలేం. అడవి పోతే రుగ్డా కూడా పోతుంది. అయితే తెలియని పుట్టగొడుగులను సొంతంగా ఏరుకుని తినకూడదు.

దూరం ఒక్కటే లెక్క కాదు

దగ్గరి తిండి వల్ల కాలుష్యం బాగా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. వెబర్, మాథ్యూస్ 2008లో అమెరికా కుటుంబాల ఆహారాన్ని లెక్కగట్టారు. ఆహారం వల్ల వెలువడే మొత్తం హరితగృహ వాయువుల్లో రవాణా వాటా 11 శాతమేనని, పండించేచోటి నుంచి దుకాణానికి చేర్చే దశది 4 శాతమేనని తేలింది. అధిక భాగం పండించే దశలోనిదే. కాబట్టి ‘ఎంత దూరం నుంచి వచ్చింది?’ అన్నదానికన్నా ‘ఎలా పండింది?’ అన్నదే పెద్ద ప్రశ్న.

నేలలో ఏముందో ఆకులో అదే

పారిశ్రామిక ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. సీసం వేళ్ల ద్వారా తక్కువగా ఎక్కుతుంది. దుమ్ముగా ఆకుల మీద పేరుకునేదే ఎక్కువ. కాబట్టి బాగా కడిగితే చాలావరకు పోతుంది. కాడ్మియం అలా కాదు. వేళ్ల నుంచి ఆకుల్లోకి సులువుగా చేరుతుంది, కడిగినా పోదు. నేల ఆమ్లగుణం పెరిగేకొద్దీ మొక్కకు మరింతగా అందుతుంది. ఝార్ఖండ్ మెట్ట భూముల్లో ఆమ్ల నేలలే ఎక్కువ. సున్నం వేస్తే ఆమ్లగుణం తగ్గి, కాడ్మియం నేలలోనే చాలావరకు నిలిచిపోతుంది.

ఆకుకూరల్లో కిలోకు కాడ్మియం 0.2, సీసం 0.3 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఇంత తక్కువ మోతాదును కంటితో, రుచితో పట్టుకోలేం. ప్రయోగశాలలో కాంతితో పట్టుకుంటారు. ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యాల వద్ద కాంతిని పీల్చుకుంటుంది. కాడ్మియానికి 228.8 నానోమీటర్లు అలాంటిదే. ఆ కాంతి ఎంత తగ్గిందో కొలిస్తే, ఎంత కాడ్మియం ఉందో తెలుస్తుంది.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో 12 అంశాలను పరీక్షిస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, ఆమ్లగుణం, జింకు వంటివి అందులో ఉన్నాయి. సీసం, కాడ్మియం లేవు. కార్డులో అంతా బాగుందంటే నేల సారవంతమని అర్థం. భారలోహాలు లేవని కాదు.

సంతలో అడగాల్సినవి

• ఈ కూర ఏ ఊళ్లో, ఎలాంటి చోట పండింది? అడవి అంచునా, రోడ్డు పక్కనా, ఫ్యాక్టరీ కాలువ దగ్గరా?
• నీళ్లు ఎక్కడివి? బావివా, చెరువువా, మురుగు కాలువవా?
• ఎప్పుడు కోశారు?

ఇంటి పెరటి నేల మీద అనుమానముంటే పాలకూర, తోటకూర బదులు సొర, బీర, చిక్కుడు వేసుకోవడం మేలు. కాయల్లోకి భారలోహాలు సాధారణంగా ఆకుల్లోకన్నా తక్కువగా చేరతాయి. ఎప్పుడూ ఒకే చోటి కూర కాకుండా, వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవి మార్చి మార్చి కొనడమూ మంచిదే.

దూరం నుంచి వచ్చిన ప్యాకెట్ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. సంతలో కూర తెచ్చినవాళ్లే ఎదురుగా కూర్చుని ఉంటారు. దగ్గరి తిండి వల్ల మనకు దక్కే అసలు లాభం ఇలా అడిగి తెలుసుకునే వీలే. అడగకుండా కొంటే ఆ లాభం దక్కదు.