బాడీ స్కానర్లు – వ్యక్తిగత గోప్యత

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులకు దగ్గరి అంతర్జాతీయ విమానాశ్రయం బెంగళూరు కెంపేగౌడ. అక్కడ తనిఖీలు సీఐఎస్‌ఎఫ్‌వి, నిబంధనలు పౌర విమానయాన భద్రతా బ్యూరోవి. 2020 మార్చికల్లా 84 విమానాశ్రయాల్లో బాడీ స్కానర్లు పెట్టాలని ఈ బ్యూరో 2019 ఏప్రిల్‌లో ఆదేశించింది.

అమెరికాలో 2009 డిసెంబరు 25 నాటి విమాన పేలుడు యత్నం తరువాత బాడీ స్కానర్లు విస్తరించాయి. బ్యాక్‌స్కాటర్ ఎక్స్‌రే యంత్రాలు ప్రయాణికుల ఒంటిని దాదాపు నగ్నంగా చూపడంతో నిరసనలు చెలరేగాయి. భద్రత పేరిట అలా చూపడం సమర్థనీయం కాదు. 2013లో ఆ యంత్రాలను అక్కడి విమానాశ్రయాల నుంచి తొలగించారు. మిల్లీమీటర్ తరంగాల స్కానర్లు, తగిన సాఫ్ట్‌వేర్ ఉంటే, అందరికీ ఒకే బొమ్మపై అనుమానిత చోటును మాత్రమే గుర్తిస్తాయి. ఇదే మేలు.

మన దేశంలో స్కానర్ల విషయంలో తప్పక గుర్తుంచుకోండి: పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది. దీనికి ప్రధాన ఆధారం రాజ్యాంగంలోని 21వ అధికరణం.